సైన్సులో కొత్త పరిశోధనలు – మన దానధర్మాలు

(సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





ఈ మధ్య సైన్సులో వచ్చిన కొత్త పరిశోధనల గురించి కాసేపు మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పే టీచర్ని. పరిశోధన చేసినదాన్ని కాను. నాకు తెలిసిన పని పాఠం చెప్పడమే కాబట్టి పాఠంలాగే చెబుతాను. మూడు సంగతులు తీసుకుంటాను. ఒకటి నీటి గురించి, ఒకటి నెత్తురు గురించి, ఒకటి మనం రోజూ తినే అన్నం గురించి. చివర్లో మిమ్మల్ని ఒకటి అడుగుతాను. దాతల సభలో మైకు దొరికాక అడక్కుండా ఎవరు దిగుతారు?

ముందు నీటి సంగతి.

2025లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ముగ్గురికి కలిపి ఇచ్చారు. ఆస్ట్రేలియాలో పనిచేసిన రిచర్డ్ రాబ్సన్, జపాన్‌కు చెందిన సుసుము కిటగావా, అమెరికాలో పనిచేస్తున్న ఒమర్ యాఘి. లోహపు అణువులను, కర్బన పదార్థాలను కలిపి, లోపల గదులు గదులుగా ఖాళీ ఉండే కొత్త రకం పదార్థాలను తయారు చేసినందుకు ఈ గౌరవం. వీటిని పొట్టిగా ఎంఓఎఫ్‌లు అంటారు.

కొత్త చెప్పులు కొంటే డబ్బాలో చిన్న తెల్ల పొట్లం ఒకటి వస్తుంది, చూశారా? పిల్లలు నోట్లో పెట్టుకుంటారని మనం వెంటనే తీసి పారేస్తాం. దాంట్లో ఉండేది సిలికా జెల్. గాలిలోని తేమను పట్టి ఉంచడం దాని పని. దాని గుళికల నిండా కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. ఎంఓఎఫ్ కూడా అలాంటి పనే చేయగలదు. తేడా ఏమిటంటే, ఇందులో ఖాళీ గదులు ఎంత ఉండాలో, దేన్ని పట్టాలో, దేన్ని వదలాలో మనిషి ముందుగా అనుకుని కట్టవచ్చు. యాఘి 1999లో తయారు చేసిన ఎంఓఎఫ్-5 అనే పదార్థం రెండు మూడు గ్రాములు తీసుకుంటే, దాని లోపలి గోడలన్నీ విప్పి పరిచినప్పుడు ఒక ఫుట్‌బాల్ మైదానమంత విస్తీర్ణం వస్తుంది. ఆ తర్వాత ఆయన బృందం ఇదే జాతి పదార్థంతో అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో గాలి నుంచి నీరు పట్టి చూపించింది. రాత్రి పూట పదార్థం గాలిలోని తేమను పట్టుకుంటుంది. పొద్దున ఎండ తగలగానే వదిలేస్తుంది. ఆ ఆవిరిని చల్లబరిస్తే నీళ్లు. ఇది ఇంకా మన వీధిలోకి రాలేదు. వచ్చే దారిలో ఉంది.

యాఘి ఎవరో కూడా చెప్పాలి. ఆయన తల్లిదండ్రులు పాలస్తీనా శరణార్థులు. 1965లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో పుట్టారు. ఒకే గదిలో ఇంటిల్లిపాదీ, వాళ్లు పెంచుకునే పశువులూ. తల్లికి చదవడం, రాయడం రాదు. కుళాయి నీళ్లు రోజూ వచ్చేవి కావు. వచ్చిన కొన్ని గంటల్లోనే పట్టి దాచుకోవాలి. పల్నాడులోనో, ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లోనో ట్యాంకర్ కోసం బిందెలు వరుసగా పెట్టినవాళ్లకు ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు. పదేళ్ల వయసులో ఆయన, ఎప్పుడూ తాళం వేసి ఉండే బడి లైబ్రరీలోకి దొంగతనంగా దూరి ఒక పుస్తకం తీశారు. అందులో అణువుల బొమ్మలున్నాయి. అక్కడ పట్టిన పిచ్చి ఇక్కడిదాకా తెచ్చింది. ఇది చదివినప్పుడు టీచర్‌గా నాకు సంతోషం, సిగ్గు రెండూ కలిగాయి. మన బళ్లలో ఎన్ని లైబ్రరీ బీరువాలకు ఇంకా తాళాలున్నాయో నాకు తెలుసు.

ఈ కథకు అసలు మొదలు కూడా ఒక తరగతి గదే. 1974లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో రాబ్సన్ విద్యార్థులకు అణువుల నమూనాలు చూపించడానికి చెక్క బంతులకు రంధ్రాలు వేయించారు. బంతుల్లోకి పుల్లలు గుచ్చి కూర్చుతుంటే ఆయనకు ఒక ఆలోచన తట్టింది. రంధ్రం ఎక్కడ ఉందో దాన్ని బట్టే నిర్మాణం దానంతటదే సరైన ఆకారంలోకి వస్తున్నది కదా, నిజం అణువులతో కూడా ఇలా కట్టవచ్చా అని. ఆ ఆలోచన పరిశోధన పత్రంగా వచ్చింది 1989లో. పదిహేనేళ్లు! అప్పటికీ ఆయన కట్టినవి త్వరగా కూలిపోయేవి. ఇక కిటగావా నిధుల కోసం దరఖాస్తులు పెడితే, ఈ పదార్థాలు నిలకడగా ఉండవు, వీటివల్ల ప్రయోజనం ఏమీ కనిపించడం లేదని తిప్పి పంపారు. ఆయన పని మానలేదు. 1997లో ఆయన చేసిన పదార్థం కూలిపోకుండా గ్యాసును లోపలికి తీసుకుని బయటికి వదిలింది.

“ప్రయోజనం ఏమీ కనిపించడం లేదు” అన్న ఈ మాటను దయచేసి గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

రెండో సంగతి నెత్తురు. దీన్ని కూడా దాని పుట్టుక నుంచి చెబుతాను.

మన చినగంజాం వైపు వెళ్తే సముద్రం పక్కన ఉప్పు మడులు కనిపిస్తాయి. స్పెయిన్ దేశంలో శాంటా పోలా అనే ఊరి దగ్గర కూడా అలాంటివే ఉన్నాయి. అంత ఉప్పులో ఏ ప్రాణీ బతకదనుకుంటాం. కానీ ఒక సూక్ష్మజీవి బతుకుతుంది. ఫ్రాన్సిస్కో మొహికా అనే పరిశోధక విద్యార్థి దాని డీఎన్ఏ చదువుతుంటే, ఒకే వరుస మళ్లీ మళ్లీ, సమాన దూరాల్లో రాసి ఉన్నట్టు కనిపించింది. 1993లో ఆ సంగతి ప్రచురించారు. ఎందుకలా ఉందో తెలియదు. పదేళ్ల తర్వాత, 2003లో, ఆయనకు అర్థమైంది. ఆ వరుసల మధ్యనున్న ముక్కలు, ఆ జాతి మీద దాడి చేసే వైరస్‌ల గుర్తులు. మన పోలీస్ స్టేషన్‌లో పాత నేరస్థుల ఫొటోలు పెట్టుకున్నట్టు, ఆ చిన్న జీవి తన శత్రువుల ఆనవాళ్లు దాచుకుంటున్నది. ఈ విషయం రాసి పంపితే పత్రికలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయి. చివరకు 2005లో అచ్చయింది.

2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఎమ్మాన్యుయెల్ షార్పెంటియే అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు దీన్ని ఒక కత్తెరగా మార్చారు. డీఎన్ఏలో ఎక్కడ కత్తిరించాలో చిరునామా ఇస్తే అక్కడికే వెళ్లి కత్తిరించే కత్తెర. దాని పేరు క్రిస్పర్. 2020లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది.

ఇప్పుడు తలసీమియా గురించి. ఈ హాల్లో దీని పేరు తెలియని కుటుంబం తక్కువ. రెండు మూడు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించుకుంటేనే బతికే పిల్లలు. మన సంస్థ పెట్టే రక్తదాన శిబిరాల్లో పోగయ్యే రక్తంలో కొంత ఇలాంటి పిల్లలకే వెళ్తుంది. ఇందులో, దీనికి దగ్గర జబ్బయిన సికిల్ సెల్‌లో కూడా, పెద్దయ్యాక తయారయ్యే హిమోగ్లోబిన్‌లోనే లోపం. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఉండే హిమోగ్లోబిన్ వేరు. అది బాగానే ఉంటుంది. పుట్టాక కొన్ని నెలలకు ఒక జన్యువు దాన్ని ఆపేస్తుంది. శాస్త్రవేత్తలు ఏం చేశారంటే, రోగి ఎముక మజ్జలోని మూలకణాలు బయటికి తీసి, ఆ ఆపేసే స్విచ్చిని క్రిస్పర్‌తో కత్తిరించి, తిరిగి ఆ మనిషికే ఎక్కించారు. ఆగిపోయిన పాత హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. ఈ చికిత్సకు 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా అనుమతినిచ్చాయి. క్రిస్పర్‌తో చేసిన చికిత్సకు అనుమతి రావడం అదే మొదలు.

ధర కూడా చెప్పాలి. అమెరికాలో 22 లక్షల డాలర్లు. మన లెక్కలో 18 కోట్ల రూపాయల పైమాటే. ఈ ధరకు ఇది మన పిల్లలకు అందదు. ఇక్కడి ఖర్చులో ఇక్కడి మనుషులే తయారు చేసుకుంటే అందుతుంది. ఢిల్లీలోని సీఎస్ఐఆర్ వారి ఐజీఐబీ సంస్థలో సికిల్ సెల్ మీద అలాంటి పని జరుగుతున్నది. ఆ బల్లల దగ్గర మన పిల్లలు ఎంతమంది ఉండబోతున్నారన్నదే నా ప్రశ్న.

అంతవరకు చేతిలో ఉన్న సంగతి ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. తల్లి, తండ్రి ఇద్దరూ తలసీమియా లక్షణాన్ని మోస్తున్నవాళ్లయితే, ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నూటికి 25. మోస్తున్నవాళ్లు పైకి ఆరోగ్యంగానే ఉంటారు. ఖాలా కూతురు, ఫుఫీ కొడుకు అని దగ్గర సంబంధాలు చేసుకునే ఇళ్లలో, మేనరికాలు చేసుకునే ఇళ్లలో కూడా, ఇద్దరూ మోసేవాళ్లే అయ్యే వీలు ఎక్కువ. హిమోగ్లోబిన్ ఏ2 శాతం చూసే రక్తపరీక్షతో ఇది తెలిసిపోతుంది. సంబంధం మాట్లాడుకునేటప్పుడే ఈ పరీక్ష చేయించండి. కట్నకానుకల లెక్కలు చూసే ఓపిక ఉన్నవాళ్లం, ఈ ఒక్క కాగితం చూడలేమా?

మూడో సంగతి అన్నం.

బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో ఇచ్చిన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, మన ఇళ్లలో ఎంతగా కలిసిపోయిందో వేరే చెప్పాలా? అన్నం సన్నగా, రుచిగా ఉంటుంది. అయితే పంటకాలం ఎక్కువ, తెగుళ్లకు త్వరగా లొంగుతుంది. దీని మీద హైదరాబాద్‌లోనే రెండు పెద్ద పనులు జరిగాయి.

మొదటిది, సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి చేసింది. బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను సాంబ మసూరిలోకి సంకరం ద్వారా తెచ్చారు. అందులో ఒక జన్యువు ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది. గడ్డి లాంటి ఆ వరిలోంచి వచ్చింది. రుచి చెడకుండా, తెగులు తట్టుకునే సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఇందులో క్రిస్పర్ లేదు. మొక్కలను కలపడం, డీఎన్ఏ గుర్తులు చూసి కావలసినవాటిని ఏరుకోవడం, అంతే. ఏళ్ల తరబడి చేసిన ఓపిక పని.

రెండోది ఈ మధ్యది. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి, జన్యు సవరణతో తయారైన రెండు వరి రకాలను ప్రకటించారు. ఒకటి రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ చేసిన డీఆర్ఆర్ ధన్ 100, ముద్దు పేరు కమల. ఇది సాంబ మసూరి నుంచి వచ్చిందే. వరి కంకిలో గింజలు ఎక్కువ పట్టడానికి సైటోకైనిన్ అనే హార్మోను తోడ్పడుతుంది. ఆ హార్మోనును తగ్గించే జన్యువు ఒకటి మొక్కలో ఉంటుంది. క్రిస్పర్‌తో ఆ జన్యువును సవరించారు. బయటి జీవి జన్యువు ఏదీ చేర్చలేదు. దిగుబడి సగటున 19 శాతం ఎక్కువనీ, పంట దాదాపు 20 రోజులు ముందే కోతకు వస్తుందనీ ప్రకటించారు. 20 రోజులంటే కాలువ చివరి రైతుకు ఎన్ని తడుల నీరు ఆదా అవుతుందో, ఇక్కడున్న వ్యవసాయదారులు నాకంటే బాగా చెప్పగలరు. రెండో రకాన్ని ఢిల్లీ వాళ్లు మన కాటన్ దొర సన్నాలు, అంటే ఎంటీయూ 1010 నుంచే చేశారు. చవుడు నేలను, నీటి ఎద్దడిని తట్టుకోవాలన్నది దాని ఉద్దేశం. విత్తనం మీద హక్కు ఎవరిది, పరీక్షల లెక్కలు సరిగా ఉన్నాయా అని రైతు సంఘాల వాళ్లు కొందరు ప్రశ్నలు లేవనెత్తారు. అడగవలసిన ప్రశ్నలే. ఆ ప్రశ్నలు గట్టిగా అడగాలన్నా, జవాబు సరైనదో కాదో తేల్చుకోవాలన్నా కూడా ఆ చదువు చదివినవాళ్లు మనలో ఉండాలి.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూడండి. ఉప్పు మడిలోని ఒక జీవి మీద ఒక విద్యార్థికి కలిగిన కుతూహలం, ముప్పై ఏళ్లకు లండన్‌లో రోగికి మందయింది, రాజేంద్రనగర్‌లో వరి కంకి అయింది. 1993లో మొహికాను ఎవరైనా “ఇది చదివితే ఏమొస్తుంది బాబూ?” అని అడిగి ఉంటే ఆయన దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న అడిగినదాన్ని నేను.

కొన్నేళ్ల కిందట వేరే ఊళ్లో ఒక సంస్థ, స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలలో పెద్దలతో పాటు నన్నూ కూర్చోబెట్టింది. ఆటో నడిపే తండ్రి, బీఎస్సీ పాసైన కూతురు వచ్చారు. దూరపు విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ జెనెటిక్స్ సీటు వచ్చింది. ఫీజు పెద్దగా లేదు. హాస్టల్ డిపాజిట్, మెస్ అడ్వాన్సు, దారి ఖర్చులు కావాలి. “ఇది చదివితే ఉద్యోగం ఎప్పుడొస్తుందమ్మా?” అని అడిగాను. “తెలియదు మేడం. వరి మీద పని చేయాలని ఉంది” అంది. “బీఈడీ చేయమ్మా, నాలాగా టీచరువవుతావు” అన్నాను. మంచి మాటే చెప్పాననుకున్నాను. పెద్దలందరూ తల ఊపారు. ఆ ఏడాది డబ్బు వెంటనే ఉద్యోగం వచ్చే కోర్సులకు వెళ్లింది. ఆ అమ్మాయి ఎమ్మెస్సీలో చేరలేదు. బీఈడీలోనూ చేరలేదు. ఇప్పుడు ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఉంటుంది. నేను కనిపిస్తే నవ్వుతూ సలాం చెబుతుంది. కమల వరి వార్త పేపర్లో చదివిన రోజు నాకు ముందు గుర్తొచ్చింది ఆ అమ్మాయే.

పెద్దలారా, మన సంస్థ చేస్తున్న పని చిన్నది కాదు. రేషన్ కిట్లు, వితంతువులకు పెన్షన్లు, ఆపరేషన్ ఖర్చులు, ఇంటర్, పాలిటెక్నిక్, నర్సింగ్ పిల్లల ఫీజులు. ఆకలితో ఉన్నవాడికి ముందు అన్నం పెట్టాలి, అందులో రెండో మాట లేదు. వాటిలో ఒక్క రూపాయి తగ్గించమని నేను అడగను. జకాత్ సొమ్ము ఎవరికి చెల్లుతుంది, ఎవరికి చెల్లదు అన్నది ఉలమాలు చెప్పవలసిన మాట. నేను అడిగేది సదఖా, లిల్లాహ్ సొమ్ము గురించి.

సదఖా జారియా అంటే ఏమిటో మీకు తెలుసు. బావి తవ్వించినవాడు దానిలో నీళ్లు ఎవరెవరు తాగుతారో చూసి తవ్వించడు. మన చరిత్రలో చదువుకు, వైద్యానికి వక్ఫ్‌లు ఇచ్చినవాళ్ల లెక్క అదే. కైరోలో 13వ శతాబ్దంలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన పెద్ద ఆసుపత్రి వక్ఫ్ ఆస్తుల మీద నడిచింది. ఇబ్నుల్ నఫీస్ అనే మహావైద్యుడు 1288లో కన్నుమూసే ముందు తన ఇంటినీ, గ్రంథాలయాన్నీ ఆ ఆసుపత్రికే రాసిచ్చారు. గుండె కుడి భాగం నుంచి రక్తం ఊపిరితిత్తుల గుండా ఎడమ భాగానికి చేరుతుందని ముందుగా రాసిపెట్టింది ఆయనే. ఆ రాతప్రతి బెర్లిన్ గ్రంథాలయంలో 1924లో ఒక ఈజిప్టు వైద్యుడి కంటబడేదాకా ఆధునిక ప్రపంచానికి ఆ సంగతి సరిగా తెలియలేదు. రాసినవాడికి, రాతను కాపాడినవాడికి, ఫలితం అందుకున్నవాడికి మధ్య వందల ఏళ్లు.

నేను అడిగేది అంత దూరం కూడా కాదు. మూడేళ్లు.

ఎందుకంటే లెక్క ఇలా ఉంది. ఎమ్మెస్సీ రెండేళ్లు. ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే, పరిశోధనలో చేరిన రోజు నుంచి ప్రభుత్వమే నెలకు 37,000 రూపాయలు ఇస్తుంది. 2023 నుంచి ఇదే రేటు. అంటే మన పిల్లలు పడిపోయేది బీఎస్సీకి, జేఆర్ఎఫ్‌కి మధ్యనున్న ఆ రెండు మూడేళ్ల గుంటలో. ఆ గుంట మీద ఒక పలక వేస్తే చాలు, దాటిపోతారు.

అందుకని మూడు విన్నపాలు. ఒకటి, మన దరఖాస్తు ఫారంలో ఎమ్మెస్సీకి, పరిశోధనకు ఒక గడి పెట్టండి. ఇప్పుడు లేదు. గడి లేని చోట పిల్లలు అడగరు. రెండు, ఏడాదికి ఇద్దరంటే ఇద్దరిని ఎంచుకోండి, ఒకరు తప్పనిసరిగా ఆడపిల్ల కావాలి. హాస్టల్ డిపాజిట్, మెస్, ప్రవేశ పరీక్షల ఫీజులు, రైలు చార్జీలు మూడేళ్లు భరించండి. ఏటా మళ్లీ మొదటి నుంచి అడుక్కునేలా చేయకండి. మూడు, ఇంటర్వ్యూలో ఉద్యోగం ఎప్పుడొస్తుందని అడగకండి. ఏం తెలుసుకోవాలని ఉందో అడగండి. ఆ ఇద్దరిలో ఒకరు నెట్ పాసవకపోవచ్చు. పరిశోధన మధ్యలో మానేయవచ్చు. రాబ్సన్ కట్టినవి కూడా మొదట కూలిపోయాయి. అయినా ఎమ్మెస్సీ చదివిన ఆ మనిషి మన మధ్యనే ఉంటుంది. మన పిల్లలకు నాకంటే మంచి పాఠం చెబుతుంది.

ఒకరి ఖర్చుకు మొదటి ఏడాది నా జీతంలోంచి నెలనెలా కొంత తీసి ఇస్తాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. నా మీద ఒక బాకీ ఉంది, మీ అందరి ముందు ఒప్పుకుంటున్నాను. ఆ అమ్మాయితో కూడా మాట్లాడాను. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు వయసు అడ్డు లేదని చెప్పాను. “ఆలోచిస్తాను మేడం” అంది. వచ్చే నెలలోగా ఫారంలో ఆ గడి వస్తే, మొదటి దరఖాస్తు నేనే తీసుకెళ్లి ఆమె చేతికి ఇస్తాను.

 మన దానాలను అల్లాహ్ స్వీకరించుగాక, మన పిల్లల ఇల్మ్‌లో బర్కత్ ఇచ్చుగాక. ఆమీన్.